ఎడారి విడిది యాత్ర

ఎడారి విడిది యాత్ర అనగా కొందరు మిత్రులు లేదా కొన్ని కుటుంబాలు కలిసి, ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాలలో, రహదారి లేని ఇసుక నేల మీదుగా ప్రయాణించి, ఒకటి లేక కొన్ని రాత్రులు గుడారాలలో బస చేసే విహారయాత్ర. సౌదీ అరేబియా, కువైట్, ఖతార్, ఐక్య అరబ్ ఎమిరేట్స్, ఒమన్ దేశాలలో ఇది శీతాకాలపు ముఖ్య వినోదం. భారతదేశంలో రాజస్థాన్‌లోని థార్ ఎడారిలో, ముఖ్యంగా జైసల్మేర్ సమీపాన గల సమ్ ఇసుక తిన్నెల వద్ద, ఇటువంటి విడిదులు ఉన్నాయి.

తెలుగు నేల మీద ఎడారి లేదు. అయినప్పటికీ తెలంగాణలోని కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల పల్లెలలో ఎడారిని, అందులోని గుడారాన్ని, ఇసుకలో దిగబడిన బండిని కళ్ళారా చూసినవారు అనేకులు ఉన్నారు. వీరిలో యాత్రికులుగా వెళ్ళినవారు తక్కువ. యాత్రికుల బండి నడిపినవారు, వారి గుడారాలు వేసినవారు, వారికి వంట చేసినవారు, వారి గొర్రెలను, ఒంటెలను కాసినవారు ఎక్కువ. అందువలన ఈ ప్రాంతం వరకు ఎడారి విడిది అనే మాటకు విహారం ఒక అర్థం, బతుకుతెరువు మరొక అర్థం.

పేర్లు

అరబ్బీలో ఊరు దాటిన తరువాత వచ్చే బయలు నేలను "బర్" అంటారు. కువైట్ మరియు ఇతర గల్ఫ్ దేశాలలో ఎడారికి చేసే విహారానికి "కష్తా" అని, గుడారాలు వేసిన విడిదికి "ముఖయ్యమ్" అని పేర్లు. గుడారాన్ని "ఖైమా" అంటారు. ఇదే మాట ఉర్దూలోనూ ఉన్నందున హైదరాబాదు సంస్థానపు పూర్వ ప్రాంతాల వారికి కొత్తగా వినిపించదు. పర్యాటక సంస్థలు నిర్వహించే కొద్ది గంటల యాత్రను "డెజర్ట్ సఫారీ" అని వ్యవహరిస్తారు. దుబాయి చూడడానికి వెళ్ళిన తెలుగువారికి ఎక్కువగా పరిచయమైనది ఇదే.

ఉత్తర తెలంగాణ పల్లెలలో గల్ఫ్ దేశం ఏదైనా "దుబాయి" అనే అనడం వాడుక. కువైట్‌లో పని చేసే వ్యక్తి గురించి కూడా "దుబాయిల ఉన్నడు" అంటారు. అక్కడి యజమానిని "కఫీల్" అని, కొన్ని చోట్ల "అర్బాబ్" అని, నివాస అనుమతి పత్రాన్ని "ఇకామా" లేక "బతాకా" అని పిలుస్తారు. ఈ మాటలు ఈ ప్రాంతపు నిత్య వ్యవహారంలో కలిసిపోయాయి.

కాలము

ఈ యాత్రలకు అనువైన కాలం నవంబరు నుండి మార్చి వరకు. కువైట్‌లో విడిదుల ఋతువు సాధారణంగా నవంబరు మధ్యలో మొదలై మార్చి మధ్యలో ముగుస్తుంది. ఆ నాలుగు నెలలకు స్థలం కావలసినవారు అక్కడి పురపాలక శాఖ వద్ద నమోదు చేసుకుని, రుసుము, ధరావతు చెల్లించాలి. ఋతువు ముగిసిన తరువాత స్థలాన్ని శుభ్రపరచి అప్పగిస్తే ధరావతు తిరిగి ఇస్తారు.

జనవరిలో పగలు హాయిగా ఉన్నా, రాత్రి చలి తీవ్రంగా ఉంటుంది. ఇసుక వేడిని నిలుపుకోదు. పొద్దు వాలిన రెండు మూడు గంటలలోనే నేల చల్లబడుతుంది. వేసవిలో సరదాకు ఎడారికి వెళ్ళేవారు లేరు. కువైట్‌లోని మిత్రిబా అనే చోట 2016 జూలై 21న 53.9 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైనది. ప్రపంచ వాతావరణ సంస్థ దీనిని పరిశీలించి ధ్రువీకరించింది. విహారయాత్రికుడు వదిలివెళ్ళే ఆ ఋతువులోనూ మందల వద్ద కాపరులు ఉంటారు.

చరిత్ర

బెదూయిన్లకు గుడారం వినోదం కాదు, ఇల్లు. మేత, నీరు వెదుకుతూ ఒంటెలతో సంచరించడం వారి జీవన విధానం. దక్షిణ అరేబియాలోని రుబ్ అల్ ఖాలీ ఎడారిని ("ఖాళీ భాగం" అని అర్థం, సుమారు 6,50,000 చదరపు కిలోమీటర్లు) దాటిన తొలి ఐరోపావాసిగా పేరొందిన బెర్‌ట్రమ్ థామస్ 1930-31లో ఒంటెల మీదనే సలాలా నుండి దోహా చేరాడు. 1932లో సెయింట్ జాన్ ఫిల్బీ, 1940ల చివరలో విల్‌ఫ్రెడ్ థెసిజర్ అదే ఎడారిలో ప్రయాణించారు. ముగ్గురినీ నడిపించినవారు స్థానిక బెదూయిన్లే. ఏ బావిలో నీరు ఉన్నదో, ఏ బావిలో ఉప్పు తేలినదో వారికి తెలియకపోతే ఆ యాత్రలు సాగేవి కావు.

చమురు ఆదాయంతో పట్టణాలు పెరిగిన తరువాత బెదూయిన్ కుటుంబాలు చాలావరకు స్థిరపడ్డాయి. ఒంటె స్థానంలోకి పికప్ వాహనం వచ్చింది. కొన్ని తరాల క్రితం వరకు విడువలేని జీవితంగా ఉన్న గుడారం, సెలవు రోజులలో మనుమలు వెదుక్కుంటూ వెళ్ళే వినోదమైనది. అయితే మందలు మాత్రం పోలేదు. వాటిని కాచే పని జీతగాళ్ళ చేతికి మారింది. 1973 తరువాత చమురు ధరలు పెరగడంతో గల్ఫ్ దేశాలకు విదేశీ కార్మికులు పెద్ద ఎత్తున అవసరమయ్యారు. కరీంనగర్, నిజామాబాదు జిల్లాల నుండి వలస ఊపందుకొనడం ఆ దశాబ్దం నుండే కనిపిస్తుంది.

ప్రయాణ విధానం

ఎడారి యాత్రకు మొదటి నియమం ఒంటరిగా వెళ్ళకపోవడం. రెండు వాహనాలైనా ఉండాలి. మూడు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే మేలు. ఒక బండి దిగబడితే మరొకటి లాగాలి, లాగే బండి కూడా దిగబడితే ఆదుకొనడానికి ఇంకొకటి కావాలి అన్నది దీని వెనుక ఉన్న సాదా లెక్క. అనుభవం ఉన్నవాడు ముందు బండిలో దారి చూపుతాడు. తాడు, పారలు, గాలి యంత్రం, బాగుచేత ఎరిగిన మనిషి చివరి బండిలో ఉంటారు. మధ్యలో కొత్తవారిని ఉంచుతారు. ప్రతి బండివాడు తన వెనుక వచ్చే బండి కనిపిస్తున్నదా లేదా చూసుకుంటూ పోవాలి. వెనుక బండి కనిపించకపోతే ఆగిపోవాలి. ఇలా ఒకరి తరువాత ఒకరు ఆగుతూ వస్తే ముందు బండికి కూడా విషయం తెలుస్తుంది. రేడియో పని చేయకపోయినా ఈ పద్ధతి పని చేస్తుంది.

బయలుదేరే ముందు ఊరిలో ఉండే ఒకరికి వెళ్ళే దారి, తిరిగి వచ్చే వేళ చెప్పి వెళ్తారు. చెప్పిన వేళకు రాకపోతే వెదకడం మొదలుపెట్టవలసిన బాధ్యత ఆ వ్యక్తిది. చరవాణి సంకేతాలు అందని చోట ఈ చిన్న ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది.

ఇసుక మీద బండి నడవాలంటే టైర్లలో గాలి తగ్గించాలి. తారు రోడ్డు మీద 32 నుండి 35 పి.ఎస్.ఐ. దాకా ఉండే గాలిని ఇసుకలో దిగే ముందు సుమారు 15 పి.ఎస్.ఐ.కి దించుతారు. గాలి తగ్గిన టైరు నేల మీద పొడవుగా పరచుకుంటుంది. బరువు ఎక్కువ వైశాల్యం మీద పడి, చక్రం ఇసుకను తవ్వకుండా దాని మీద తేలుతున్నట్లు సాగుతుంది. ఒంటె పాదం మెత్తగా, వెడల్పుగా ఉండి ఇసుకలో కూరుకుపోకపోవడానికి కారణమూ ఇదే. గాలి మరీ తగ్గిస్తే, మలుపులో టైరు రిమ్ము నుండి ఊడే ప్రమాదం ఉంది. తిరిగి తారు రోడ్డు ఎక్కగానే గాలి నింపాలి. తక్కువ గాలితో వేగంగా నడిపితే టైరు వేడెక్కి పగులుతుంది.

ఇసుక దిబ్బకు రెండు ముఖాలు ఉంటాయి. గాలి వచ్చే వైపు వాలు తక్కువగా, గట్టిగా ఉంటుంది. గాలి వాలున, అనగా అవతలి వైపు, జారిన ఇసుక సుమారు 32 నుండి 34 డిగ్రీల వాలులో నిలిచి, మెత్తగా ఉంటుంది. ఎక్కేటప్పుడు తగినంత వేగం కావాలి, శిఖరం మీద వేగం తగ్గించాలి. అవతల ఏమున్నదో కనిపించకముందే ఎగిరి దూకినట్లు పోతే ముక్కు నేలకు కొట్టుకుంటుంది, లేక అటువైపు నుండి వచ్చే బండికి ఢీకొంటుంది. ఇందుకే బండ్లకు పొడవాటి కర్రతో జెండా కడతారు. దిబ్బ అవతల ఉన్న బండి కంటే ముందు జెండా కనబడుతుంది. దిగేటప్పుడు బండి ముఖం నేరుగా కిందికి ఉండాలి. వాలు మీద అడ్డంగా తిప్పిన బండి పల్టీ కొట్టడం ఎడారి ప్రమాదాలలో సర్వసాధారణం. కొత్తవారికి దిగడంలోనే భయం ఎక్కువ. బ్రేకు గట్టిగా తొక్కడం, స్టీరింగు పక్కకు తిప్పడం అప్పుడే చేస్తారు. రెండూ చేయరానివే.

దిగబడిన బండిని యాక్సిలరేటరు తొక్కి బయటికి తీయాలని చూస్తే, చక్రం మరింత లోతుకు పోయి, చివరకు బండి అడుగు భాగం ఇసుక మీద కూర్చుంటుంది. ఆపి, దిగి, చక్రాల ముందు ఇసుకను పారతో తీసి, గాలి ఇంకొంత తగ్గించి, వచ్చిన దారినే వెనక్కు తీసుకొనడం పద్ధతి. తాడు కట్టి లాగవలసివస్తే బండికి దృఢంగా బిగించిన కొక్కేనికే కట్టాలి. ట్రెయిలర్ తగిలించే గుండుకు కడితే అది విరిగి గుండు దెబ్బలా దూసుకుపోయి మనుషుల ప్రాణాలు తీసిన సందర్భాలు ఉన్నాయి. లాగే సమయంలో మిగిలినవారు తాడు పొడవు కంటే ఎక్కువ దూరంలో నిలబడాలి.

ఇసుక కంటే మోసకరమైనది "సబ్ఖా" అనే ఉప్పు పర్ర. పైకి ఎండి, తెల్లగా, చదునుగా కనిపిస్తుంది. పెచ్చు కింద తడి బురద ఉంటుంది. ఇందులో దిగిన బండిని తోటి బండ్లు లాగలేకపోవచ్చు. వర్షం పడినప్పుడు "వాది" అనే ఎండు వాగులలో గుడారం వేయరాదు. వాన ఎక్కడో కొండలలో కురిసినా వరద ఇక్కడికి వస్తుంది.

విడిది

పొద్దుగూకడానికి కనీసం గంట ముందే చోటు చూసుకొని ఆగుతారు. రాత్రి వేళ దిబ్బల మీద నడపడం అనుభవజ్ఞులు కూడా మానుకుంటారు. గాలి వచ్చే వైపు బండ్లను వరుసగా నిలిపి, వాటి చాటున గుడారాలు వేస్తారు. మామూలు మేకులు ఇసుకలో నిలవవు. ఇసుక నింపిన సంచులను పాతి వాటికి తాళ్ళు కట్టడం ఒక ఉపాయం. చెప్పులు, బూట్లు తొడుక్కునే ముందు దులుపుకోవాలి, తేళ్ళు వెచ్చదనం కోసం వాటిలో చేరతాయి.

నీరు మనిషికి రోజుకు కనీసం 5 లీటర్ల చొప్పున, అనుకున్న రోజుల కంటే ఎక్కువ రోజులకు సరిపడా తీసుకువెళ్తారు. ఒకే పెద్ద డబ్బాలో కాక పలు డబ్బాలలో, వేరువేరు బండ్లలో ఉంచుతారు. డబ్బా పగిలినా, బండి పోయినా నీరంతా పోకూడదన్నది ఉద్దేశం.

వంటలలో మచ్‌బూస్, కబ్సా అనే మాంసపు అన్నాలు ప్రసిద్ధం. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు "మందీ"ని, నేలలో తవ్విన గుంతలో నిప్పులు పోసి, మాంసాన్ని పైన వేలాడదీసి, మూసి వండుతారు. హద్రమౌత్ నుండి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల వారసులు నివసించే హైదరాబాదులోని బార్కస్ పేట మందీకి పేరు పొందింది. అక్కడి నుండి ఈ వంటకం తెలంగాణ పట్టణాలకు వ్యాపించింది. పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చొని తినే పద్ధతిని గల్ఫ్‌లో చూసి వచ్చినవారికి ఈ హోటళ్ళలో కొత్తదనం ఏమీ లేదు.

సంపన్న అరబ్బు కుటుంబాల విడిదులు ఋతువు పొడుగునా ఉంటాయి. విద్యుత్తు జనరేటరు, నీటి ట్యాంకు, తివాచీలు, వంటశాల, స్నానపు గది, పిల్లలు తొక్కే నాలుగు చక్రాల బగ్గీలు అన్నీ అమరుతాయి. యజమాని కుటుంబం గురువారం సాయంత్రం వచ్చి శనివారం వెళ్ళిపోతుంది. మిగిలిన వారమంతా ఆ గుడారాలకు కావలి ఉండేది పనివాడే. ఇంటి డ్రైవరుగా వెళ్ళినవాడు ఈ ఋతువులో విడిదికి, పట్టణానికి మధ్య సామానులు, పిల్లలు, మంచినీరు మోయడంతోనే గడుపుతాడు. ఇసుకలో బండి నడిపే విద్య కోరుట్ల వాడికి అబ్బినది ఈ దారినే.

కోరుట్ల ప్రాంతంతో సంబంధం

కోరుట్ల నిజామాబాదు నుండి జగిత్యాల మీదుగా జగదల్‌పూర్ వెళ్ళే 63వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న పట్టణం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఆ తరువాత జగిత్యాల జిల్లాలో చేరింది. అదే రోజున సిరిసిల్ల ప్రత్యేక జిల్లా అయినది. కోరుట్లలో బీడీల పరిశ్రమ, సిరిసిల్లలో మరమగ్గాలు ప్రధాన ఉపాధి. బీడీలు చుట్టేవారిలో స్త్రీలు ఎక్కువ. భర్త గల్ఫ్‌లో, భార్య బీడీల చాట ముందు ఉండే కుటుంబం ఈ ప్రాంతంలో అరుదు కాదు.

ఈ ప్రాంతపు వలసను "బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి" అనే మూడు మాటలలో చెప్పడం పరిపాటి. వర్షాలు లేక బావులు ఎండినప్పుడు, అప్పులు పెరిగినప్పుడు పల్లె వాళ్ళు బొంబాయి, భివండీ మిల్లులకో, సింగరేణి బొగ్గు గనులకో పోయేవారు. గల్ఫ్ దారి కూడా తొలి రోజులలో బొంబాయి నుండే సాగింది. వీసాలు ఇప్పించే ఏజెంట్లు అక్కడే ఉండేవారు. తరువాత ఏజెంట్లకు ఉప ఏజెంట్లు పల్లెలలోనే పుట్టుకొచ్చారు. వడ్డీకి తెచ్చిన సొమ్ముతో వీసా కొని, కనీసం రెండేళ్ళు అక్కడ ఉండి, మొదటి ఏడాది సంపాదన అప్పుకే చెల్లించడం చాలామంది అనుభవం.

తోటమాలి అని, డ్రైవరని, క్లీనరని చెప్పి తీసుకువెళ్ళి ఎడారిలో మంద దగ్గర దింపిన ఉదంతాలు పత్రికలలో అనేకసార్లు వచ్చాయి. కాగితం మీద ఉన్న పని ఒకటి, చేతికి వచ్చిన కర్ర మరొకటి. చదువు అంతగా లేనివారు, అరబ్బీ రానివారు, విమానాశ్రయంలో పాస్‌పోర్టును యజమాని చేతికి ఇచ్చినవారు ఇందులో ఎక్కువగా చిక్కుకుంటారు.

ఒంటరి విడిది

తెలంగాణలో గొర్రెల పెంపకం గొల్ల, కురుమ కులాలవారి వృత్తి. ఎండాకాలంలో మేత కోసం వారు చేసే వలసలో కూడా ఒంటరితనం లేదు. కొన్ని మందలు కలిసి బయలుదేరుతాయి. కుక్కలు, గాడిద లేక బండి మీద వంట సామాను, భుజాన గొంగడి తోడుంటాయి. రాత్రి మందను నిలిపే పొలం రైతుకు పెంట ఎరువు దక్కుతుంది, కాపరులకు ధాన్యమో డబ్బో దక్కుతుంది. ఏ ఊరి పొలిమేరలో ఆగినా పలకరించేవారు ఉంటారు.

గల్ఫ్ ఎడారిలోని మంద వేరు. కువైట్‌లో పశువుల దొడ్లను "జాఖూర్" అని, ఇతర చోట్ల "ఇజ్బా" అని అంటారు. కొన్ని చోట్ల దొడ్లు వరుసగా ఉండి, ఇరుగు పొరుగు కాపరులు కలుసుకోగలుగుతారు. లోతట్టు ఎడారిలో ఒక్క దొడ్డి, ఒక్క రేకుల గది లేక చిరిగిన గుడారం, ఒక్క మనిషి ఉంటారు. నీరు ట్యాంకరులో వస్తుంది. పిండి, బియ్యం, పప్పు, ఉల్లిగడ్డలు యజమాని తన పికప్‌లో తెచ్చి దింపుతాడు. ఆ బండి రావడం ఆలస్యమైతే సామాను అయిపోతుంది. పశువులకు తాగడానికి తెచ్చిన నీటితోనే మనిషి వంట, స్నానం సాగుతాయి. జీతం నెలనెలా ఇచ్చే మంచి యజమానులు లేకపోలేదు. ఒకే కఫీల్ వద్ద దశాబ్దాల పాటు పని చేసి, కొడుకులను చదివించి తిరిగి వచ్చినవారు ఈ పల్లెలలో ఉన్నారు. యజమాని మంచివాడు కానప్పుడు మాత్రం కాపరికి చెప్పుకొనే దిక్కు కనుచూపు మేరలో ఉండదు.

విహారయాత్రికులు పాటించే నియమాలను ఈ విడిదితో పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. కాపరికి రెండవ బండి లేదు, చాలాసార్లు మొదటి బండి కూడా లేదు. ఫలానా వేళకు రాకపోతే వెదకమని చెప్పి ఉంచిన మనిషి లేడు. ఫోను ఉన్నా దాన్ని చార్జి చేసుకోవడానికి యజమాని బండి రావాలి. అన్నిటికీ మించి, తాను ఉన్న చోటికి పేరు లేదు. కష్టంలో ఉన్న కార్మికుడు తీసి పంపిన వీడియో ఇంటికి చేరినా, "ఎక్కడున్నవు?" అన్న ప్రశ్నకు "ఇసుకల" అని తప్ప జవాబు ఉండదు. అందువలన ఇటువంటి ఫిర్యాదులలో కుటుంబసభ్యులు మొదట సేకరించవలసినవి ఫోను పంపగల స్థల సూచన, యజమాని పేరు, ఫోను నంబరు, ఇకామా నకలు, బండి నంబరు పలక, సమీపంలోని రోడ్డు నంబరు లేక టవరు వంటి గుర్తులు. 2024లో నిర్మల్ జిల్లాకు చెందిన ఒక కార్మికుడు కువైట్ ఎడారిలో ఒంటెల కాపరిగా తాను పడుతున్న బాధలను వీడియోలో తెలిపినపుడు, అది ప్రభుత్వం దృష్టికి వెళ్ళి ఆయన స్వదేశం చేరుకోగలిగాడు.

ప్రమాదాలు

దారి తప్పడం, ఇంధనం అయిపోవడం, వడదెబ్బ, బండి బోల్తా పడడం ఎడారి ప్రయాణంలోని ప్రధాన ప్రమాదాలు. కువైట్ ఎడారిలో 1990-91 యుద్ధ కాలపు మందుపాతరలు, పేలని గుండ్లు ఇసుకలో మిగిలిపోయి, తరువాతి సంవత్సరాలలోనూ విహారానికి వెళ్ళినవారిని, కాపరులను గాయపరిచాయి. చలికాలంలో మూసిన గుడారంలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకొనడం మరొక ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు వాసన లేనందున నిద్రలోనే ప్రాణం పోతుంది.

2024 ఆగస్టులో సౌదీ అరేబియాలో టెలికాం టవర్ల నిర్వహణ పని చేసే కరీంనగర్ వాసి ఒకరు, సుడాన్‌కు చెందిన సహోద్యోగితో కలిసి రుబ్ అల్ ఖాలీ ఎడారిలో దారి తప్పి మరణించారు. పత్రికల కథనాల ప్రకారం జి.పి.ఎస్. సంకేతం అందక దారి తప్పారు, బండిలో ఇంధనం అయిపోయింది, ఫోను బ్యాటరీ కూడా అయిపోయింది. ఇద్దరి మృతదేహాలు కొద్ది రోజుల తరువాత బండి దగ్గరనే లభించాయి. వారు వెళ్ళినది విహారానికి కాదు, పనికి. ఒకే బండిలో ఇద్దరు, నడి వేసవిలో ఉన్నారు. రెండవ బండి ఉండాలన్న నియమం విహారయాత్రికులకు జాగ్రత్త సూచన మాత్రమే. పనికి వెళ్ళేవారి విషయంలో దానిని పాటించడమా మానడమా అన్నది వారి చేతిలో ఉండదు.

దారి తప్పినవారు బండిని వదలి నడవరాదన్నది అన్ని చోట్లా చెప్పే సూచన. బండి నీడ ఇస్తుంది, ఆకాశం నుండి వెదికేవారికి మనిషి కంటే త్వరగా కనిపిస్తుంది. పగలు నడిస్తే శరీరం నుండి గంటకు లీటరుకు తక్కువ కాకుండా నీరు చెమటగా పోవచ్చు. ఆ మేరకు నీరు మోసుకుపోవడం ఎవరి వల్లా కాదు. అదనపు టైరును కాల్చి నల్లని పొగ పుట్టించడం, అద్దంతో వెలుతురు మళ్ళించడం, ఇసుక మీద పెద్ద గుర్తులు వేయడం సంకేతాలుగా ఉపయోగిస్తారు.

1990 నాటి ఎడారి దారి

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడ లక్షకు పైగా భారతీయులు చిక్కుకున్నారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. చాలామంది బస్సులలో, సొంత వాహనాలలో, గుంపులు గుంపులుగా ఇరాక్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరి, అక్కడి ఎడారిలో గుడారాల శిబిరాలలో తమ వంతు కోసం వేచి ఉన్నారు. అమ్మాన్ నుండి ఎయిర్ ఇండియా విమానాలు వారిని బొంబాయికి చేర్చాయి. ఆగస్టు నుండి అక్టోబరు వరకు సాగిన ఈ తరలింపు పౌర విమానాలతో జరిగిన అతి పెద్ద తరలింపులలో ఒకటిగా పేరు పొందింది. వేడి, నీటి కొరత, నీటి కోసం వరుసలు ఆ శిబిరాల నుండి వచ్చినవారి జ్ఞాపకాలలో తరచూ వినిపించే విషయాలు. ఎడారిలో బృందంగా, గుడారాలలో గడపడమనే ఒక్క పోలిక తప్ప దీనికి, విహారానికి సంబంధం లేదు.

చట్టాలు, సహాయం

పదవ తరగతి పూర్తి కాని భారతీయ కార్మికులు గల్ఫ్ దేశాలతో సహా కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే, 1983 నాటి వలస చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ అనుమతి పొందాలి. ఈ కార్యాలయాలలో ఒకటి హైదరాబాదులో ఉంది. సందర్శక వీసా మీద వెళ్ళినవారికి ఈ రక్షణ వర్తించదు. ఏజెంట్లు ఆ వీసానే ఎందుకు ఇష్టపడతారో దీనిని బట్టి ఊహించవచ్చు. అనుమతి పొందినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన వర్తిస్తుంది. విదేశాలలో ఇబ్బంది పడుతున్నవారి తరఫున ఫిర్యాదు నమోదు చేయడానికి విదేశీ వ్యవహారాల శాఖ 2015లో "మదద్" అనే వెబ్‌సైటును ప్రారంభించింది.

గల్ఫ్ దేశాలలో వేసవి మధ్యాహ్నం ఆరుబయట పని నిషేధం అమలులో ఉంది. ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో ఇది జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు, మధ్యాహ్నం 12:30 నుండి 3 గంటల దాకా. భవన నిర్మాణం వంటి పనులలో తనిఖీకి అధికారులు వస్తారు. ఎక్కడో ఇసుకలో ఉన్న ఒక్క మనిషి మందకు తనిఖీ చేరడం కష్టం. పైగా ఇంటి పనివారు, కాపరులు ఈ దేశాలలో చాలాచోట్ల సాధారణ కార్మిక చట్టం కిందికి రాక, ప్రత్యేక నిబంధనల కిందికి వస్తారు.

గల్ఫ్‌లో మరణించిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది.

సాహిత్యం, సినిమా

మలయాళ రచయిత బెన్యామిన్ 2008లో ప్రచురించిన "ఆడుజీవితం" నవల, సౌదీ ఎడారిలో మేకల కాపరిగా చిక్కుకుపోయిన కేరళ యువకుని కథ. దీని ఆధారంగా బ్లెస్సీ దర్శకత్వంలో, పృథ్వీరాజ్ సుకుమారన్ కథానాయకుడుగా నిర్మించిన చలనచిత్రం 2024 మార్చి 28న విడుదలైనది. "ది గోట్ లైఫ్" పేరుతో తెలుగులోకి కూడా అనువదించారు. ఎడారి దృశ్యాలను సౌదీలో కాక జోర్డాన్, అల్జీరియాలలో చిత్రీకరించారు. తెలుగులో గల్ఫ్ వలస కార్మికుల జీవితంపై పి. సునీల్ కుమార్ రెడ్డి దర్శకత్వంలో "గల్ఫ్" అనే చిత్రం 2017లో వచ్చింది.